బడి పక్కన కానుగ చెట్టు: చిన్న పిల్లలకు ఆరుబయట చదువు

[దృశ్యం: ఉదయం ఎనిమిదిన్నర గంటలు. ప్రాథమిక పాఠశాల ప్రహరీ పక్కనున్న కానుగ చెట్టు కింద నాలుగో తరగతి పిల్లలు నోటుపుస్తకాలతో నిలబడి ఉన్నారు.]

వ్యాఖ్యానం: నమస్కారం. ఆరుబయట చదువు అనగానే ఏడాదికి ఒకసారి బస్సు మాట్లాడుకుని పిల్లలను ఏదో ఒక తోటకు తీసుకువెళ్లి, సాయంత్రానికి తిరిగి తీసుకురావడమని చాలామంది అనుకుంటారు. కార్తీకమాసపు వనభోజనం ఎంతో మంచిది, ఉసిరి చెట్టు కింద తిన్న అన్నం రుచి పెద్దయ్యాక కూడా గుర్తుంటుంది. అయితే ఒక్క రోజులో చూసి వచ్చిన చెట్టు పిల్లలకు పరిచయం కాదు. అదే చెట్టు దగ్గరికి అదే పిల్లలు వారం వారం వెళ్లి, చూసినది రాసుకుంటూ ఏడాది గడిపితే, ఆ చెట్టే వారికి పాఠ్యపుస్తకం అవుతుంది. ఆ పని ఎలా మొదలుపెట్టాలో ఈ వీడియోలో చూద్దాం.

[దృశ్యం: ఒక పాప అరచేతిలో కానుగ ఆకు. కెమెరా ఆకుకు బాగా దగ్గరగా వెళ్తుంది. ఆకు మీద చిన్న చిన్న బొడిపెలు కనిపిస్తాయి.]

వ్యాఖ్యానం: ఈ ఆకును చూడండి. నేను పిల్లలతో తొలిసారి కానుగ చెట్టు కిందికి వెళ్లిన రోజున ఇలాంటి ఆకును పట్టుకుని ఒక పిల్లవాడు, "సార్, చెట్టుకు ఆటలమ్మ పోసింది" అన్నాడు. పరిశీలన అంటే అదే. అప్పుడు నేను జవాబు చెప్పకుండా, ఈ బొడిపెలు అన్ని ఆకుల మీదా ఉన్నాయా, లేత ఆకుల మీద ఉన్నాయా, ముదురాకుల మీద ఉన్నాయా అని మాత్రమే అడిగాను. పిల్లలు అరగంట సేపు వెతికి, లెక్కపెట్టి, తమలో తాము వాదించుకున్నారు. కంటికి ఆనని నల్లి జాతి జీవులు ఆకును ఆశ్రయించినప్పుడు, ఆకు కణజాలం వాటి చుట్టూ పెరిగి ఇలా బొడిపెగా మారుతుందని, ఆ బొడిపె వాటికి ఇల్లూ ఆహారమూ రెండూ అవుతుందని మరుసటి వారం చెప్పాను. అప్పటికి ఆ ప్రశ్న వారిదైపోయింది కనుక జవాబు కూడా వారి మనసులో నిలిచింది. ఉపాధ్యాయులు వెంటనే జవాబు చెప్పకపోవడమే ఈ పద్ధతిలో అన్నిటికన్నా కష్టమైన భాగమని నా అనుభవం.

[దృశ్యం: నోటుపుస్తకంలో ఒక పేజీ. తేదీ, చెట్టు బొమ్మ, దాని కింద పిల్లల చేతిరాత.]

వ్యాఖ్యానం: ప్రతి వారం పేజీలో రాయవలసినవి కొన్నే: తేదీ, ఆకులు, పువ్వులు, కాయలు ఉన్నాయా లేదా, ఉంటే కొన్నా ఎక్కువా, చెట్టు మీద ఎవరు కనిపించారు. దేశమంతటా చెట్ల ఋతుచక్రాన్ని పౌరుల చేత, బడి పిల్లల చేత నమోదు చేయిస్తున్న సీజన్‌వాచ్ కార్యక్రమం కూడా దాదాపు ఇలాగే అడుగుతుంది. వేసవి మొదట్లో కానుగ ఆకు రాల్చి, నిగనిగలాడే చిగురు తొడుగుతుంది. ఆ తరువాత లేత ఊదారంగు కలిసిన తెల్లని పూత వచ్చి, రాలిన పువ్వులతో చెట్టు కింద నేలంతా నిండిపోతుంది.

తెలుగు పాఠం కూడా ఇక్కడే జరుగుతుంది. చిగురు, లేతాకు, ముదురాకు, పండుటాకు, ఎండుటాకు అని ఒక ఆకు జీవితమంతటికీ మన భాషలో మాటలున్నాయి. మొగ్గ, పూత, పిందె, కాయ, దోరకాయ, పండు అని మరో వరుస ఉంది. పిందెకు, కాయకు తేడా ఏమిటో నల్లబల్ల మీద ఎంత వివరించినా తెలియదు, మామిడి కొమ్మ కింద నిలబడితే ఒక్క క్షణంలో తెలుస్తుంది. ఈ మాటలు మన పిల్లల నోటి నుంచి జారిపోతున్నాయన్న బాధ నాకుంది, అందుకే ప్రతి పేజీలో వీటిలో ఒక్కటైనా రాయిస్తాను.

[దృశ్యం: ఒక పిల్లవాడు మీటరు కర్రను నిలబెట్టాడు. మరో ఇద్దరు నీడలను కొలుస్తున్నారు.]

వ్యాఖ్యానం: సిలబస్ ఎప్పుడు పూర్తవుతుందని తల్లిదండ్రులు అడుగుతారు. ఈ లెక్క చూడండి. మీటరు కర్ర నీడ అరమీటరు ఉన్న సమయంలో చెట్టు నీడ మొదలు నుంచి 4 మీటర్లు ఉంటే, చెట్టు ఎత్తు 8 మీటర్లు. చెట్టు ఎక్కకుండానే ఎత్తు తెలిసినప్పుడు ఐదో తరగతి పిల్లల ముఖాల్లో కనిపించే ఆశ్చర్యం నిష్పత్తి పాఠానికి మంచి ఆరంభం.

[దృశ్యం: పిల్లలు చెట్టు నీడలో ఎడం ఎడంగా, మౌనంగా కూర్చుని ఉన్నారు.]

వ్యాఖ్యానం: ఆరుబయట చదువు కొత్త ఆలోచన కాదు. రవీంద్రనాథ్ ఠాగూర్ 1901లో శాంతినికేతన్‌లో ప్రారంభించిన బడిలో తరగతులు చెట్ల కిందే జరిగేవి, నేటికీ జరుగుతున్నాయి. డెన్మార్క్‌లో చిన్న పిల్లలను రోజూ అడవిలోనే ఆడించి నేర్పే బడులను చూసి వచ్చిన బ్రిటన్ అధ్యాపకులు 1990లలో తమ దేశంలో అడవి బడులను మొదలుపెట్టారు. కళ్లకు కూడా మేలు ఉంది. చైనాలోని గ్వాంగ్‌జౌ నగరంలో 12 పాఠశాలల ఒకటో తరగతి పిల్లల మీద జరిగిన అధ్యయనం 2015లో వెలువడింది. రోజూ అదనంగా 40 నిమిషాలు ఆరుబయట గడిపిన పిల్లల్లో మూడేళ్లలో కొత్తగా హ్రస్వదృష్టి, అంటే దూరపు వస్తువులు మసకగా కనిపించే లోపం, వచ్చినవారు 30.4 శాతం కాగా, మిగతా బడుల పిల్లల్లో 39.5 శాతం.

[దృశ్యం: ఉపాధ్యాయురాలు రంగు తాడుతో హద్దు కడుతోంది. ఆమె మెడలో ఈల ఉంది.]

వ్యాఖ్యానం: ఇక జాగ్రత్తల విషయంలో రాజీ పడకూడదు. తాడుతో హద్దు కట్టి, ఈల వినగానే అందరూ ఒకచోట చేరేలా ముందే అలవాటు చేయాలి; వెళ్లేటప్పుడూ వచ్చేటప్పుడూ తలలు లెక్కపెట్టాలి. పుట్టల్లో, రాళ్ల కింద, ఆకుల కుప్పల్లో చేతులు పెట్టనివ్వకూడదు. పాము కాటు వేస్తే కోయడం, బిగించి కట్టడం చేయకుండా, పిల్లవాడిని కదలనివ్వకుండా 108కి ఫోన్ చేసి ఆసుపత్రికి చేర్చాలి. తేనెపట్టు ఉన్న చెట్టు వైపు వెళ్లనే వెళ్లవద్దు. గురివింద గింజలు ఎంత ముచ్చటగా ఉన్నా విషం కనుక నోట పెట్టకూడదని, దూలగొండి కాయలు తాకితే భరించలేని దురద పుడుతుందని, ఆ మొక్కలను దూరం నుంచే చూపించి చెప్పాలి. ఒంటిపూట బడుల రోజుల్లో తొమ్మిదిన్నర లోపే తిరిగి నీడకు చేరాలి.

చెట్టుతో నాలుగైదు నెలల పరిచయం అయ్యాక, దగ్గరలో అడవి ఉంటే, అటవీశాఖ అనుమతి తీసుకుని ఫిబ్రవరి చివరలో మోదుగు పూసినప్పుడు ఒకసారి తీసుకువెళ్లండి. తేనెపిట్టలు, గోరువంకలు ఏ పువ్వు దగ్గర ఆగుతున్నాయో వారే గమనించి చెబుతారు, ఎందుకంటే చూడడం అప్పటికే నేర్చుకుని ఉంటారు.

[దృశ్యం: ఏప్రిల్ చివరి పనిదినం. పూత రాలిన నేల మీద ఐదో తరగతి పిల్లలు నాలుగో తరగతి పిల్లలకు నోటుపుస్తకం అందిస్తున్నారు.]

వ్యాఖ్యానం: జూన్‌లో బడి తెరిచాక, తొలకరికి ఆరుద్ర పురుగులు బయటికి వచ్చే రోజుల్లో, అదే పుస్తకంలో తరువాతి పేజీ నుంచి కొత్త పిల్లలు రాయడం మొదలుపెడతారు. చెట్టును మాత్రం మార్చకండి.