తీసిన గడ్డ ఎక్కడికి పోయింది?

(ఫిబ్రవరి 4, ప్రపంచ క్యాన్సర్ దినం. ఒంగోలులో విశ్రాంత ఉద్యోగుల సమావేశంలో ఒక విశ్రాంత పెథాలజిస్టు (తీసిన కండను మైక్రోస్కోపులో చూసి జబ్బు తేల్చే డాక్టరు) చేసిన ప్రసంగం)

అధ్యక్షుల వారికీ, వేదిక మీది పెద్దలకీ, మీ అందరికీ నమస్కారం. శాలువాలకీ దండలకీ అరగంట పోయింది కాబట్టి మిగతా మర్యాదలు కూడా జరిగిపోయాయనుకోండి. నాకిచ్చిన అంశం 'క్యాన్సర్ గడ్డలు, వాటి రకాలు'. చెప్తాను. కానీ నా మనసులో ఇంకోటి నలుగుతోంది. అది మధ్యలో తోసుకొస్తే ఏమనుకోకండి.

మైక్రోస్కోపులో చూసేటప్పుడు మేం మొదట తేల్చుకోవాల్సింది, ఈ కణం ఎక్కడ పుట్టిందని. ఒంటిని లోపలా బయటా కప్పే పొరల్లో, గ్రంథుల్లో పుట్టేవి కార్సినోమాలు. నూటికి 80 నుంచి 90 దాకా క్యాన్సర్లు ఇవే. వీటిలో నోటికీ గర్భాశయ ముఖద్వారానికీ ఎక్కువగా వచ్చేది స్క్వామస్ రకం, అంటే పొలుసుల్లాంటి చదును కణాలది. రొమ్ముకీ పెద్దపేగుకీ వచ్చేది ఎక్కువగా అడినోకార్సినోమా, అంటే గ్రంథి కణాలది. టంగుటూరు, కొండపి వైపు వాళ్లకి పొగాకు సంగతి నేను కొత్తగా చెప్పేదేముంది! పండించి పొగాకు బోర్డులో అమ్ముకోండి, నోట్లో మాత్రం పెట్టుకోకండి అంటే నవ్వుతారు. నవ్వండి, పర్లేదు.

ఎముక, కండ, కొవ్వు... వీటిలో పుట్టేవి సార్కోమాలు. పెద్దవాళ్ల క్యాన్సర్లలో నూటికి ఒకటి ఉంటాయేమో, అంతే. రక్తకణాలది లుకేమియా, మెడలో, చంకల్లో, గజ్జల్లో ఉండే లింఫు గ్రంథులది లింఫోమా, ఎముక మజ్జలో ప్లాస్మా అనే కణాలది మైలోమా. మెదడు గడ్డల లెక్క వేరు, చర్మంలో రంగు కణాల మెలనోమా వేరు, పసిపిల్లల కంట్లో వచ్చే రెటినోబ్లాస్టోమా వేరు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 1967 నుంచి వీటి వర్గీకరణ మీద పుస్తకాల మీద పుస్తకాలు వేస్తూనే ఉంది. అదంతా చెప్తే మీరిక్కడే కునుకు తీస్తారు.

ఒక్కటి మాత్రం గుర్తుపెట్టుకోండి. రొమ్ములో పుట్టింది కాలేయానికి పాకినా అది రొమ్ము క్యాన్సరే. ఒంగోలు వాడు హైదరాబాదులో ఇల్లు కట్టుకున్నంత మాత్రాన ఇంటిపేరు మారుతుందా? మందు కూడా పుట్టిన చోటును బట్టే ఇస్తారు.

నూటికి ఒకటి అన్నాను కదా, ఆ ఒక్కటి గురించే నా బాధ. పొగాకు కాల్చే బ్యారన్ పనికి పోయే ఒకాయనకు తొడలో గడ్డ లేచింది. ఏదో నర్సింగ్ హోంలో కొవ్వు గడ్డేలే అని కోసి తీసేశారు. తీసింది ఏమైంది? బకెట్లో పడింది. పరీక్షంటే ఖర్చు, పైగా వారం ఆగాలి, ఎందుకొచ్చిన తంటా అనుకున్నారు. ఏడాది తిరక్కుండా అదే చోట మళ్లీ వచ్చింది, ఈసారి ఇంకా పెద్దది. అప్పుడు వేరే చోట తీసి మాకు పంపారు, హార్లిక్స్ సీసాలో కుక్కి. కండ కుళ్లకుండా పోసే మందునీళ్లు ఫార్మలిన్. అందులో పడితే కండ గట్టిపడుతుంది. మెత్తగా ఉన్నప్పుడు మూతిలో దూరింది, బిగుసుకున్నాక బయటికి రానంది. మా టెక్నీషియన్ సీసాను గుడ్డలో చుట్టి పగలగొట్టాడు. గాజు పెంకులు ఏరుకుంటూ కోసి చూశాం. లైపోసార్కోమా, అంటే కొవ్వులో పుట్టే సార్కోమా.

"మొదటిసారి తీసింది కూడా ఇదేనా మేడం?" అని వాళ్లావిడ అడిగింది. ఏం చెప్పను? చూడ్డానికి ఆ గడ్డ ఏదీ? పంపి ఉంటే ముక్కను మైనంలో పోసి దిమ్మ చేసేవాళ్లం. బ్లాక్ అంటాం దాన్ని, ఏళ్ల తరబడి చెడదు. రొమ్ము క్యాన్సర్‌లో హార్మోన్ మందులకు లొంగుతుందా అని చూసే ఈఆర్, పీఆర్ పరీక్షలు, ఒక ప్రోటీన్ ఎక్కువగా ఉందా అని చూసే హెర్‌టూ పరీక్ష ఆ బ్లాక్ నుంచే చేస్తాం. అవి తెలియకుండా ఏ మందు పనిచేస్తుందో చెప్పలేరు.

అయ్యా, గడ్డ 5 సెంటీమీటర్లు దాటినా, లోతుగా ఉన్నా, పెరుగుతున్నా, తీసిన చోటే మళ్లీ వచ్చినా, కత్తి పెట్టకముందే సూదితో ముక్క తీసి చూడమనండి. అడిగితే డాక్టరు గారికి కోపం వస్తుందేమోనని మొహమాటపడకండి. వస్తే రానివ్వండి!

ఇంకో సంగతి. రిపోర్టులో 'గ్రేడ్ 3' అని చూసి, మూడో స్టేజి అట, ఇక లాభం లేదని ఇంటికి తీసుకుపోయినవాళ్లు ఉన్నారు. గ్రేడ్ వేరు, స్టేజి వేరు. కణాలు మామూలు రూపం నుంచి ఎంత తప్పాయో గ్రేడ్ చెప్తుంది. ఎంత దూరం పాకిందో చెప్పేది స్టేజి. ఫ్రాన్స్‌లో డెన్వా అనే డాక్టరు 1940లలో మొదలుపెట్టిన టీఎన్ఎం పద్ధతిలో దాన్ని లెక్కగడతారు: టీ అంటే గడ్డ, ఎన్ అంటే లింఫు గ్రంథులు, ఎం అంటే దూరంగా పాకడం. గ్రేడ్ 3 అయినా మొదటి స్టేజిలోనే దొరకొచ్చు.

అధ్యక్షుల వారు గడియారం చూస్తున్నారు. యల్లాప్రగడ సుబ్బారావు గారి మాట చెప్పకుండా మాత్రం దిగను. భీమవరంలో 1895లో పుట్టిన మనిషి. అమెరికాలో ఆయన బృందం తయారుచేసిన అమినాప్టెరిన్ అనే మందును బోస్టన్‌లో ఫార్బర్ అనే డాక్టరు లుకేమియా పిల్లలకిచ్చారు. కొందరిలో జబ్బు కొంతకాలం వెనక్కి తగ్గిందని 1948లో ప్రకటించారు. ఆ కోవలోదే మెథోట్రెక్సేట్ అనే మందు. పిల్లలకొచ్చే లింఫోబ్లాస్టిక్ లుకేమియాలో ఈనాటికీ వాడతారు. మైలాయిడ్ అనే ఇంకో రకమైతే ప్రధానంగా వాడే మందులు వేరు. రెండూ లుకేమియాలే! రకం తేల్చకుండా వైద్యం మొదలెట్టడమంటే ఏమిటో మీరే ఆలోచించండి.

కాబట్టి మీ ఇంట్లో ఎవరికి ఆపరేషనైనా ముందు రోజే అడగండి, "తీసింది ఎక్కడికి పంపుతున్నారు?" అని. వెడల్పు మూతి డబ్బా, గడ్డకు పదింతల ఫార్మలిన్. ఉప్పునీళ్లు కాదు. రిపోర్టు జాగ్రత్త చేసుకోండి. ఇంకో డాక్టరుకు చూపించాలంటే స్లైడ్లు, బ్లాకులు అడిగి తీసుకోండి.

వెనక వరుసలో చెయ్యెత్తిన అమ్మా, చెప్పండి. ఆయనకి మైకివ్వకండి, ముందు ఆమెకివ్వండి.