ఖర్జూరం తింటే షుగరు వస్తుందా?
(కావలిలో ఉదయపు నడక మిత్రుల సమావేశంలో మాట్లాడిన మాటలు)

అందరికీ నమస్కారం. వేదిక మీద పెద్దల పేర్లు కార్యదర్శి గారు ఇందాకే చదివారు కాబట్టి మళ్లీ చదవను, ఎండెక్కేలోపు అసలు సంగతి చెప్పేస్తాను. నేను డాక్టర్ని కాను. నెల్లూరులోనూ ఇక్కడా ల్యాబుల్లో రక్తం తీసి పరీక్షలు చేస్తూ బతికినవాణ్ని. మీలో చాలామందికి సూది గుచ్చిన చెయ్యి ఇదే.

రంజాన్ దగ్గరపడుతోంది కదా, ఉపవాసం గురించీ ఆరోగ్యం గురించీ మాట్లాడమన్నారు. అంత పెద్ద విషయం నా వల్ల కాదు, ఖర్జూరం గురించి చెప్తానన్నాను. ఎందుకంటే ఈ మధ్య పొద్దున్నే నన్ను ఆపి అడిగేవాళ్లందరిదీ అదే గొడవ. ఒకాయన ఏ జబ్బూ లేనివాడు, రోజూ నడిచేవాడు, "ఖర్జూరం తింటే షుగరు వచ్చేస్తుందంట, మానేశానన్నా" అంటాడు. పక్కనున్నాయన వెంటనే అందుకుని, "అదేందయ్యా, అది నేచురల్, దాంట్లో చక్కెరే ఉండదు, ఎన్నయినా తినొచ్చు" అంటాడు. ఇద్దరిదీ తప్పే. రెండో ఆయన మాట ఇంకా ప్రమాదం.

ఖర్జూరంలో చక్కెర ఉంది, బాగా ఉంది. మెజూల్ అని పెద్దగా, మెత్తగా ఉండే రకం చూశారు కదా, అది వంద గ్రాములు తీసుకుంటే అందులో 66 గ్రాములు చక్కెరే. గింజ తీసిన ఒక్క పండు సుమారు 24 గ్రాములు తూగుతుంది, దాంట్లో 16 గ్రాముల చక్కెర. మామూలు చిన్న ఖర్జూరం అయితే ఏడెనిమిది గ్రాముల పండులో ఐదు గ్రాములు. ఇప్పుడు ఇంకో లెక్క వినండి. ఆరోగ్యంగా ఉన్న మనిషి ఒంట్లో ఐదు లీటర్ల రక్తం ఉందనుకుంటే, పరగడుపున ఆ రక్తం మొత్తంలో తిరిగే గ్లూకోజు ఐదు గ్రాములు కూడా ఉండదు. అంటే పెద్ద ఖర్జూరం ఒక్కటి తింటే, రక్తంలో ఉన్నదానికి మూడింతల చక్కెర కడుపులోకి పోతోంది.

భయమేసింది కదా? ఆగండి. అదంతా ఒక్కసారిగా రక్తంలోకి దూకదు. అందులో సగానికి దగ్గరగా ఫ్రక్టోజు అనే ఇంకో రకం చక్కెర, అది ముందు లివర్‌కు పోతుంది. మిగతా గ్లూకోజు రక్తంలోకి వచ్చేకొద్దీ క్లోమం ఇన్సులిన్ వదులుతుంది, ఆ ఇన్సులిన్ పుణ్యాన కండరాలూ లివరూ గ్లూకోజును లోపలికి లాక్కుంటాయి. పండులో పీచు ఉంది కాబట్టి అరుగుదల కాస్త నిదానం. అరగంటకో గంటకో షుగరు పైకి పోతుంది, రెండు గంటలకల్లా దాదాపు మొదటికి దిగుతుంది. పరగడుపున వందలోపు, తిన్న రెండు గంటలకు 140 లోపు ఉంటే మామూలే. నడుమ పైకి పోయి రావడం జబ్బు కాదు, ఏం తిన్నా జరిగేదే.

ఇది నా సొంత మాట కాదు. అరబ్ ఎమిరేట్స్‌లో ఐదు రకాల ఖర్జూరాల మీద చేసిన పరీక్ష 2011లో అచ్చయింది. 13 మంది ఆరోగ్యవంతులకు తినిపించి చూస్తే గ్లైసీమిక్ ఇండెక్స్ 46 నుంచి 55 మధ్య వచ్చింది. తిన్నది రక్తంలో షుగరును ఎంత పైకి లేపుతుందో గ్లూకోజును వందగా పెట్టుకుని కొలిచే లెక్క అది, 55 దాకా తక్కువ కిందే జమ. మనం తినే తెల్లన్నం మామూలుగా 70 దగ్గర ఉంటుంది. 2009లో ఇంకో పరీక్ష వచ్చింది, అందులో పది మంది ఆరోగ్యవంతులు రోజుకు వంద గ్రాముల చొప్పున నాలుగు వారాలు ఖర్జూరం తిన్నారు. వాళ్ల పరగడుపు షుగరు పెరగలేదు. చిన్న పరీక్షలే, ఒప్పుకుంటాను, కానీ రెండూ ఒకే వైపు చూపిస్తున్నాయి.

అన్నం మాట వచ్చింది కాబట్టి చెప్తున్నా. మొలగొలుకుల వడ్లు పండిన నేల మనది, అన్నం మానమని నేననను. కానీ వంద గ్రాముల బియ్యం వండుకుంటే 78 గ్రాముల పిండి పదార్థం, అరిగితే అదీ గ్లూకోజే. చేపల పులుసు ఉన్న రోజు మనం వంద గ్రాముల దగ్గర ఆగుతామా? అట్టా రెండు పూటలా కలుపుకుని తినేవాళ్లం, సాయంత్రం ఉపవాసం విడిచేటప్పుడు మూడు చిన్న ఖర్జూరాలు తిన్న మస్తాన్ భాయ్‌కి సుద్దులు చెప్తే ఎట్టా? ఆ మూడింట్లో పిండి పదార్థం అంతా కలిపి పదిహేను గ్రాములు.

ఇక్కడ ఒక సంగతి చెప్పాలి, మీరు తప్పకుండా గుర్తుపెట్టుకోవాలి. మా వీధిలో ఒక కుర్రాడు, ముప్పై ఏళ్లు ఉంటాయి, వాళ్ల నాన్న కోసం కొన్న షుగరు చూసే మిషన్‌తో తనకూ చూసుకున్నాడు. రాత్రి పది గంటలకు ఫోన్. "బాబాయ్, 262 చూపిస్తోంది, ఆస్పత్రికి పోదామా?" గొంతు వణుకుతోంది. వెనకాల వాళ్లమ్మ ఏడుపు. ఏం తిన్నావు అబ్బయా అంటే రెండు ఖర్జూరాలు అన్నాడు. ఏ చేత్తో తిన్నావు అన్నాను. ఫోన్‌లో కాసేపు మాట లేదు. ఖర్జూరం చీల్చి గింజ తీసిన వేలికే సూది గుచ్చాడు! ఆ పండు బంక ఎట్టా ఉంటుందో మీకు తెలుసు, వేళ్లు ఒకదానికొకటి అంటుకుంటాయి. మిషన్‌కు కావలసింది చీమ తలకాయంత రక్తపు చుక్క, దాంట్లో వేలి మీదున్న చక్కెర కలిస్తే అది మాత్రం ఏం చేస్తుంది? సబ్బుతో రెండు చేతులూ కడుక్కో, బాగా తుడుచుకో, వేరే వేలికి గుచ్చు అన్నాను. ఈసారి మిషన్ 108 చూపించింది. ఆ తల్లి ఫోన్ లాక్కుని "నా ప్రాణం పోయిందన్నా" అంది. స్పిరిట్ దూదితో ఓసారి అద్ది ఊరుకున్నా ఆ బంక పూర్తిగా పోదు. సబ్బు, నీళ్లు, పొడి గుడ్డ. ఇంట్లో మిషన్ ఉన్నవాళ్లంతా దయచేసి ఇది మీ వాళ్లకు చెప్పండి.

ఇంకొకటి, ఫాస్టింగ్ టెస్టుకు వచ్చేవాళ్లు. "టిఫిన్ చెయ్యలేదు సార్, రెండు ఖర్జూరాలే" అంటారు. అది ఫాస్టింగ్ కాదమ్మా, మంచినీళ్లు తప్ప ఏదీ పడకూడదు. ఆ సంగతి చెప్పకుండా రక్తం ఇచ్చేసి, చీటీలో అంకె చూసి ఇల్లంతా బెంగపెట్టుకున్నవాళ్లు ఉన్నారు.

అట్టాగే ఒంటికి రక్తం పడుతుందని ఆడపిల్లలకు ఖర్జూరాలు పెట్టి ఐరన్ మాత్రలు మాన్పించబాకండి. వంద గ్రాముల్లో ఐరన్ ఒక మిల్లీగ్రాము దరిదాపుల్లోనే ఉంటుంది. మన దేశపు లెక్క ప్రకారం ఆడవాళ్లకు రోజుకు 29 మిల్లీగ్రాములు కావాలి. పిల్లకు రక్తం తక్కువైతే డాక్టరు రాసిన మాత్ర వెయ్యండి, పండు పండుగానే పెట్టండి.

ఎన్ని తినాలి అని ముందు వరసలో అక్క అడుగుతున్నారు. జబ్బేమీ లేనివాళ్లు చిన్నవి మూడు నాలుగు, పెద్దవి ఒకటి రెండు, నమిలి తినండి. నాలుగు బాదం పప్పులో, కాసిని వేరుశెనగ గుళ్లో తోడుంటే ఇంకా నిదానంగా ఎక్కుతుంది. పది పళ్లు మిక్సీలో వేసి పాలతో గ్లాసుల కొద్దీ తాగడం వేరు సంగతి, అక్కడ లెక్క మన చేతిలో ఉండదు. షుగరు ఉన్నవాళ్లు, ఇన్సులిన్ వేసుకునేవాళ్లు నా మాట మీద తినబాకండి, మీ డాక్టర్ని అడగండి. కిడ్నీ జబ్బున్నవాళ్లు మరీను, ఖర్జూరంలో పొటాషియం ఎక్కువ.

ఇక నా కడుపుమంట. పోయిన పండక్కి మా తమ్ముడికి ఎవరో ఒక స్వీట్ల డబ్బా ఇచ్చారు. ఖర్జూరం లడ్డు. మూత మీద పెద్దక్షరాలతో 'షుగర్ ఫ్రీ'. వాడికి షుగరుంది. ఆ రాత నమ్మి పూటకు రెండు చొప్పున తిన్నాడు పాపం. తరవాత నేనే పరీక్ష చేస్తే మూడు వందలు దాటింది. కొట్టు పేరు చెప్పను, ఆ ఒక్క కొట్టే అయితే ఇంత బాధపడను. పంచదార పొయ్యకపోతే షుగర్ ఫ్రీ అయిపోతుందా? మన దేశపు ఆహార భద్రతా నిబంధనల ప్రకారం ఆ మాట రాయాలంటే వంద గ్రాముల్లో చక్కెర అర గ్రాముకు మించకూడదు. ఖర్జూరం లడ్డూలో ఎంతుంటుందో ఇందాకటి లెక్క మీరు విన్నారు.

ఆరోగ్యంగా ఉన్నవాడు ఒక లడ్డూ తింటే ఏమీ కాదు, నేనూ తింటాను. కానీ జబ్బున్నవాడికి అబద్ధం చెప్పి అమ్మడం మహాపాపం. అందుకే ఒక అర్జీ రాసి తెచ్చాను, జిల్లా ఫుడ్ సేఫ్టీ అధికారులకు ఇద్దాం. షుగర్ ఫ్రీ అని తప్పుడు రాత రాసి అమ్మే ఖర్జూరం స్వీట్లను తనిఖీ చెయ్యమనీ, ఒక్కో లడ్డూలో చక్కెర ఎన్ని గ్రాములో డబ్బా మీద తెలుగులో కనపడేట్టు రాయించమనీ అడిగాను. కాగితం గుమ్మం పక్కన బల్ల మీద ఉంది, పెన్ను కూడా పెట్టాను. చదివి, సరే అనిపిస్తే సంతకం చెయ్యండి. సోమవారం నేను తీసుకెళ్తాను, నాతో వచ్చేవాళ్లుంటే ఇప్పుడే పేరు చెప్పండి.