క్షమించమని చెప్పడం మన పని కాదు

అందరికీ నమస్కారం. మీరు మీ ఊళ్ళలో డ్వాక్రా సంఘాల ముందు వేయబోయే 'పుషింగ్ ది ఎలిఫెంట్' 2010లో వచ్చిన డాక్యుమెంటరీ. తీసింది బెత్ డావెన్‌పోర్ట్, ఎలిజబెత్ మాండెల్. కాంగోలో 1998లో యుద్ధం రేగినప్పుడు టుట్సీ తెగవాళ్ళైన పాపానికి రోజ్ మపెండోను, భర్తను, పిల్లల్ని జైల్లో వేశారు. భర్తను చంపేశారు. ఆ జైల్లోనే ఆమెకు కవలలు పుట్టారు. వాళ్ళకు అక్కడి కమాండర్ల పేర్లే పెట్టింది. 2000లో అమెరికాలోని ఫీనిక్స్‌కు శరణార్థిగా చేరింది. కూతురు నంగాబిరే మాత్రం ఆఫ్రికాలోనే ఉండిపోయింది. తల్లీకూతుళ్ళు మళ్ళీ కలుసుకోవడానికి పదేళ్ళ పైనే పట్టింది.

ఆ పేర్లు పెట్టిన చోటే వ్యాఖ్యానం చెప్పేవాళ్ళు తొందరపడతారు. 'మొగుణ్ణి చంపినోళ్ళనే క్షమించిన మహాతల్లి' అని అందుకుంటే, వినేవాళ్ళకు ఇక ఆలోచించడానికి ఏమీ మిగలదు. అందులో క్షమ ఉంది, బిడ్డల్ని బతికించుకోవాలన్న తల్లి ఆరాటమూ ఉంది. మన నెల్లూరులో పెంచలయ్య, మస్తానమ్మ అని మొక్కుకుని పేర్లు పెట్టుకుంటాం. పేరు పెట్టాక ఆ బిడ్డ భారం ఆ పేరు గలవాడి మీద కూడా పడుతుందని మన ఆడవాళ్ళకు విడమరిచి చెప్పాలా? అక్కడ అర నిమిషం నోరు మూసుకోండి, చాలు.

ఊరి మధ్య వేయడానికి పంపిణీదారు దగ్గర రాతపూర్వక అనుమతి తీసుకోండి. ఇంట్లో చూసుకోవడానికి కొన్న కాపీకి ఆ హక్కు ఉండదు.

తెలుగు సబ్‌టైటిళ్ళు విడి ఫైలుగా పెన్‌డ్రైవ్‌లో పెట్టుకుపోతే చాలా టీవీల్లో ఒత్తులు విడిపోయి, గుడులు పక్కకు జరిగి కనిపిస్తాయి. ఆ టీవీలో తెలుగు ఫాంటు సరిగా ఉండదు, అందుకని. కంప్యూటర్లోనే వాటిని వీడియో మీద శాశ్వతంగా ముద్రించి తీసుకెళ్ళండి. ఒకసారికి రెండు వరుసలు, ఆరేడు మాటలు, కనీసం నాలుగు సెకన్లు. ఇంగ్లీషులో ఉన్నదంతా దింపాలని చూస్తే కొత్తగా చదువు నేర్చినవాళ్ళు వెనకబడిపోతారు. అసలు చదవలేని వాళ్ళుంటే పక్కన ఒకరు మైకులో చెప్పాలి, అదీ ఆమె మాట ఆగిన చోటే. ఆమె ఏడుస్తున్నప్పుడు మైకు కట్టేయండి.

చీకటి పడ్డాక మొదలెట్టండి. కొత్తపట్నం, మైపాడు వైపు సాయంత్రం సముద్రపు గాలికి తెర తెరచాపలా పొంగుతుంది, మొహాలు సాగిపోతాయి. తెర కింది అంచులో వెదురు కర్ర దూర్చి రెండు కొసలా ఇసుక మూటలు కట్టండి. జనరేటరు పెడితే జనానికి దూరంగా, గాలి వాలున పెట్టండి. లేకపోతే ఆ రొదలో ఆమె గొంతు పోతుంది.

అసలు పని సినిమా అయిపోయాక ఉంది. 1992లో మన నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్ళు సారా మీద లేచింది రాత్రి బడి వాచకంలో సారా గురించి ఒక పాఠం ఉన్నందుకే కాదు, ఆ బళ్ళో ఆ పాఠం చుట్టూ తమ ఇళ్ళ సంగతులు మాట్లాడుకున్నందుకు. చివరికి 1993 అక్టోబరు 1 నుంచి రాష్ట్రమంతటా సారా నిషేధమైంది. కాబట్టి కనీసం ముప్పావు గంట మాటలకు ఉంచండి. పది, పన్నెండు మందికో గుంపు. మగవాళ్ళు అరుగుల మీద కూర్చుని వింటుంటే ఎవరూ నోరు విప్పరు, వాళ్ళకు వేరే గుంపు పెట్టండి. 'మీరైతే క్షమిస్తారా?' అని అడగొద్దు. ఆ ప్రశ్నకు అందరూ ఒప్పుకునే జవాబొకటి ఉంది, అదే చెప్పేసి లేచిపోతారు. 'కూతురు ఫీనిక్స్ వచ్చాక తల్లితో కలవడానికి ఎందుకు కష్టపడింది?' అని అడగండి. గల్ఫుకో, వలస కూలికో పోయి బిడ్డల్ని అమ్మమ్మ దగ్గర వదిలినవాళ్ళు మీ ముందే ఉంటారు.

ఎవరైనా తన ఇంట్లో తనను కొట్టేవాడి గురించి చెప్పడం మొదలెడితే, రోజ్ క్షమించింది కదా అని పొరపాటున కూడా అనకండి. అది ఆమెను మళ్ళీ ఆ ఇంట్లోకే నెట్టడమవుతుంది. పక్కకు తీసుకెళ్ళి చెప్పింది వినండి. పేరు, సంగతి గుంపులో మళ్ళీ ఎత్తొద్దు. మహిళా హెల్ప్‌లైన్ 181 నంబరును చీటీల మీద ముందే రాసుకుని, వెళ్ళేటప్పుడు వచ్చిన ప్రతి ఒక్కరి చేతిలో పెట్టండి. అందరికీ ఇస్తే, అవసరమున్న మనిషి ఎవరో ఎవరికీ తెలియదు.