లైటింగ్ సాఫ్ట్‌వేర్‌లో వెలుగు, వేదికపై చీకటి: ఎక్కడ వెతకాలి?

[తెరపై: ల్యాప్‌టాప్‌లో రంగులు వెలుగుతున్న త్రీడీ వేదిక. పక్కనే చీకటిగా అసలు వేదిక.]

నమస్కారం. పాలకొల్లులో పరిషత్తు నాటకమైనా, కోనసీమలో తీర్థమైనా, లైటింగ్ ఇప్పుడు చాలాచోట్ల ల్యాప్‌టాప్ మీదే నడుస్తోంది. తెర లేచే వేళకు లైటు వెలగకపోతే చాలామంది సాఫ్ట్‌వేర్‌ను తీసేసి మళ్లీ ఎక్కిస్తారు. దయచేసి ఆ పని చేయకండి. కుదిరిన సెట్టింగులు కూడా పోవచ్చు. సిగ్నల్ ఎక్కడిదాకా వచ్చి ఆగిందో ముందు చూడండి.

నోడ్ (నెట్‌వర్క్ డేటాను లైట్లకు అర్థమయ్యే డీఎంఎక్స్ సిగ్నల్‌గా మార్చే పెట్టె) మీదో, డాంగిల్ (యూఎస్‌బీకి తగిలించి అదే సిగ్నల్ ఇచ్చే చిన్న పరికరం) మీదో చిన్న దీపం మినుకుతోందా? మినుకుతుంటే కంప్యూటర్ నుంచి డేటా బయటికి వస్తోందన్నమాట. అయితే అది సరైన యూనివర్సేనా (యూనివర్స్ అంటే ఛానళ్ల ఒక గుంపు) అన్నది ఆ దీపం చెప్పదు. ఆర్ట్‌నెట్, ఎస్‌ఏసీఎన్ అనేవి డీఎంఎక్స్‌ను నెట్‌వర్క్ మీద పంపే రెండు పద్ధతులు. ఆర్ట్‌నెట్‌లో యూనివర్స్ లెక్క 0 నుంచి మొదలవుతుంది, ఎస్‌ఏసీఎన్‌లో 1 నుంచి. క్యూఎల్‌సీ ప్లస్ అనే ఉచిత లైటింగ్ సాఫ్ట్‌వేర్‌లో మొదటి యూనివర్స్ మామూలుగా ఆర్ట్‌నెట్ 0గా వెళ్తుంది. నోడ్‌లో 1 పెట్టి ఉంటే రాత్రంతా వెతికినా లైటు వెలగదు.

దీపమే మినుకకపోతే నెట్‌వర్క్ చూడండి. ఆర్ట్‌నెట్ నోడ్లు ఎక్కువగా 2 తోనో, 10 తోనో మొదలయ్యే ఐపీతో, 255.0.0.0 మాస్క్‌తో వస్తాయి. ల్యాప్‌టాప్ ఏమో ఫోను హాట్‌స్పాట్ ఇచ్చిన 192.168 చిరునామాతో కూర్చుంటుంది. వైఫై ఆపేసి, కేబుల్ పోర్టుకు నోడ్ వరుసలోనే ఐపీ ఇవ్వండి. వేరే కంప్యూటర్‌లో ఉన్న త్రీడీ ప్రివ్యూకు మాత్రమే డేటా అందడం లేదా? ఆ కంప్యూటర్ ఫైర్‌వాల్‌లో యూడీపీ 6454 పోర్టును అనుమతించండి.

[తెరపై: మూవింగ్ హెడ్ (తల తిప్పే లైటు) వెనుక ఉన్న చిన్న డిస్‌ప్లే, దగ్గరగా.]

నా దృష్టిలో అన్నిటికంటే తికమక పెట్టేది మోడ్ తేడా. లైటు ఎన్ని ఛానళ్లతో పని చేయాలో చెప్పేది మోడ్; రంగు, తిరగడం లాంటి ఒక్కో పనికి ఛానళ్లు ఉంటాయి. సాఫ్ట్‌వేర్‌లో 14 ఛానళ్ల మోడ్ ఎంచుకుని 1, 15, 29 అని అడ్రసులు (ఒక్కో లైటు మొదటి ఛానల్ నంబరు) వేశారు. లైటు మాత్రం 16 ఛానళ్ల మోడ్‌లో ఉంది. అంటే మొదటి హెడ్ 1 నుంచి 16 దాకా చదువుతోంది. 15, 16 ఛానళ్లు రెండో హెడ్‌వి కూడా. మీరు రెండోదాన్ని తిప్పితే అది తిరుగుతుంది, మొదటిది కూడా ఏదో ఒకటి చేస్తుంది. ఆ చివరి ఛానల్ రీసెట్‌దైతే, పద్యం మంచి రాగంలో ఉండగా మొదటి హెడ్ రీసెట్ అయి గిరగిరా తిరుగుతుంది! చూసినవాళ్లు లైటు పాడైందంటారు. పాడవలేదు. డిస్‌ప్లేలో మోడ్ చదివి, సాఫ్ట్‌వేర్‌లో అదే ఎంచుకుని, 1, 17, 33 అని అడ్రసులు మార్చండి. ఒక యూనివర్స్‌లో 512 ఛానళ్లు కాబట్టి 16 ఛానళ్ల హెడ్లు 32 పడతాయి. ఒకే లైనులో 32 పరికరాలకు మించి కలపకూడదు, ఎక్కువైతే సిగ్నల్‌ను వేర్వేరు లైన్లుగా పంచే స్ప్లిటర్ పెట్టాలి.

[తెరపై: వణుకుతున్న ఎల్‌ఈడీ పార్.]

లైటు వణుకుతోందా? చవక డాంగిళ్లలో చాలావాటికి సొంత ప్రాసెసర్ ఉండదు. డీఎంఎక్స్ టైమింగ్ మొత్తం కంప్యూటరే చూసుకోవాలి, దానికి తీరిక లేనప్పుడు లైటు తడబడుతుంది. వీడియోలు, బ్రౌజర్ మూసేయండి. విండోస్ పవర్ సెట్టింగుల్లో యూఎస్‌బీ నిద్రపోకుండా ఆపండి. పూర్తి యూనివర్స్‌ను డీఎంఎక్స్ సెకనుకు సుమారు 44 సార్లకు మించి పంపలేదు. సాఫ్ట్‌వేర్ వీలిస్తే 30కి తగ్గించి చూడండి.

అప్పటికీ ఆగకపోతే ల్యాప్‌టాప్ ఛార్జర్ పీకి కాసేపు బ్యాటరీ మీద నడపండి. వణుకు ఆగితే తప్పు ఎర్తింగ్‌లో ఉండొచ్చు. పందిట్లో జనరేటర్ మీద నడిపేవాళ్లు ఐసొలేషన్ (కంప్యూటర్‌ను, లైట్ల లైనును విద్యుత్‌పరంగా విడదీసే ఏర్పాటు) ఉన్న డాంగిల్ కొనుక్కోవడం ఖర్చు కాదు, అవసరం. లైను చివరి లైటు అవుట్‌పుట్‌లో 2, 3 పిన్నుల మధ్య 120 ఓంల టెర్మినేటర్ (లైను చివర నుంచి సిగ్నల్ వెనక్కి రాకుండా ఆపే రెసిస్టర్) పెట్టండి. మైకు కేబుల్ వాడకండి. అంతర్వేది, ఓడలరేవు వైపు ఉప్పుగాలికి పిన్నులు చిలుము పడతాయి, కలిపే ముందు ప్రతి పిన్నూ తుడవండి.

త్రీడీ ప్రివ్యూ నత్తనడక నడుస్తుంటే పొగ, నీడల నాణ్యత తగ్గించండి. ల్యాప్‌టాప్‌లో రెండు గ్రాఫిక్స్ ఉంటే శక్తిమంతమైనది ఎంచుకోండి.

చివరిగా ఫైలు సంగతి. కొత్త వెర్షన్‌లో దాచిన షో పాత వెర్షన్‌లో తెరుచుకోకపోవచ్చు. అద్దె ల్యాప్‌టాప్‌తో వెళ్తుంటే దానిలో ఏ వెర్షన్ ఉందో బయల్దేరకముందే ఫోనులో అడగండి. షో ఫైలుతో పాటు ఇన్‌స్టాలర్‌ను కూడా పెన్‌డ్రైవ్‌లో పెట్టుకుని వెళ్లండి.