పొలం పాడుబడినట్టే ఉంటుంది, యజమాని మాత్రం ఉంటాడు: ఇంగ్లండ్‌లో మెటల్ డిటెక్టింగ్

అందరికీ నమస్కారం. ఇంగ్లండ్‌లోని కావెంట్రీలో ఉంటూ, మెటల్ డిటెక్టర్‌తో నేలలో పాత నాణేలూ నగలూ వెతికే ఒక తమ్ముడు ఈ మధ్య నాకు కొన్ని ఫోటోలు పంపాడు. విరిగిన గేటు, పైకప్పు కూలిన రాతి ఇల్లు, నడుం ఎత్తు గడ్డి, చుట్టూ ముళ్లపొదలు. "అన్నా, ఇక్కడ ఏళ్ల తరబడి ఎవరూ దున్నినట్టు లేదు. బోర్డు లేదు, తాళం లేదు. ఆదివారం డిటెక్టర్ పట్టుకుని వెళ్లొచ్చా?" అని అడిగాడు. వద్దు తమ్ముడూ. ఎందుకు వద్దంటున్నానో కాస్త వివరంగా చెప్తాను, ఎందుకంటే కొత్తగా డిటెక్టర్ కొన్న ప్రతివాడికీ ముందు కనపడేది ఇలాంటి స్థలమే.

ఇంగ్లండ్‌లో ఎవరిదీ కాని భూమి అంటూ లేదు. యజమాని వీలునామా రాయకుండా, వారసులు లేకుండా పోయినా, భూమి పేరు మీదున్న కంపెనీ మూతపడినా, అది చివరికి క్రౌన్‌కి, అంటే రాజు పేరు మీద ప్రభుత్వానికి చేరుతుంది. కార్న్‌వాల్, లాంకషైర్ వైపు అయితే అక్కడి డచీలకు, అంటే రాజకుటుంబం ఎస్టేట్లకు చేరుతుంది. అంతేగానీ ముందొచ్చిన వాడిది కాదు.

పైగా పాడుబడినట్టు కనిపించే పొలాల్లో చాలావాటిని కావాలనే అలా వదిలేస్తారు. పువ్వుల గడ్డి పెరగడానికి, పక్షులు గూళ్లు పెట్టుకోవడానికి కొంత నేల దున్నకుండా ఉంచితే ప్రభుత్వ పథకాల కింద రైతుకి డబ్బు వస్తుంది. స్కైలార్క్, ల్యాప్‌వింగ్ లాంటి పక్షులు చెట్ల మీద కాదు, నేల మీదే గుడ్లు పెడతాయి. ఏప్రిల్, మే నెలల్లో ఆ గడ్డిలో డిటెక్టర్ ఊపుకుంటూ తిరిగితే ఏమవుతుందో ఆలోచించండి. ఇంకొన్ని పొలాలు అన్నదమ్ముల పంపకాలు తేలక ఆగిపోయి ఉంటాయి, ఇది మనకి కొత్తగా చెప్పక్కర్లేదు. కొన్నిటిని ఇళ్ల కంపెనీలు ప్లానింగ్ పర్మిషన్ వచ్చేదాకా కొని పెట్టుకుంటాయి. అన్నిటికీ కాగితాల మీద ఒక పేరు ఉంటుంది.

సరే, పేరు ఉంటే ఉంది, దొరికింది నాదే కదా అంటారా? కాదు. ఇక్కడే చాలామంది తప్పులో కాలేస్తారు. 1992లో సర్రేలోని ఫార్నమ్ పార్కులో ఫ్లెచర్ అనే ఆయన డిటెక్టర్‌తో వెతికి, తవ్వి, మధ్యయుగం నాటి బంగారు బ్రూచ్ (బట్టలకి పెట్టుకునే పిన్ను నగ) ఒకటి తీశాడు. పార్కు స్థానిక కౌన్సిల్‌ది. కేసు అప్పీల్ కోర్టుదాకా వెళ్లింది. భూమి లోపల ఉన్న వస్తువు మీద, దాన్ని కనిపెట్టినవాడికన్నా ఆ భూమి సొంతదారుకే ఎక్కువ హక్కు అని 1995లో తీర్పు వచ్చింది. అక్కడ బ్రూచ్ ఉందని కౌన్సిల్‌కి తెలియకపోయినా సరే.

అంటే మామూలు నాణెం, బటన్, బకిల్ దొరికితే అవి భూమి యజమానివి. ట్రెజర్ దొరికితే అది క్రౌన్‌ది. 1996 ట్రెజర్ చట్టం ప్రకారం మూడు వందల ఏళ్లు దాటిన బంగారు, వెండి వస్తువులు, నాణేల కుప్పల్లాంటివి దీని కిందకొస్తాయి, 14 రోజుల్లో కరోనర్‌కి, అంటే ఇలాంటి నిధుల మీద విచారణ జరిపే అధికారికి తెలియజేయాలి. మరి డిటెక్టర్ పట్టుకున్న మనకి ఏముంది? చట్టం తనంతట తాను మన చేతిలో పెట్టేది ఏమీ లేదు. మన వాటా పుట్టేది యజమానితో చేసుకున్న ఒప్పందంలోనే. పర్మిషన్ అడగడం మర్యాద కోసం అనుకునేవాళ్లు ఈ ఒక్క మాట పట్టుకోండి. పర్మిషన్‌తో వెళ్లి ట్రెజర్ కనిపెడితే, దాన్ని మ్యూజియం కొన్నప్పుడు వచ్చే బహుమతిని సాధారణంగా చెరిసగం పంచుతారు. దొంగతనంగా వెళ్లినవాడికి ఆ బహుమతి తగ్గించవచ్చు, అసలు ఇవ్వకపోనూవచ్చు.

దీనికి హెరిఫర్డ్‌షైర్ కేసుని మించిన ఉదాహరణ లేదు. 2015 జూన్‌లో జార్జ్ పావెల్, లేటన్ డేవిస్ అనే ఇద్దరు డిటెక్టరిస్టులు వేల్స్ నుంచి వచ్చి, లెమ్‌స్టర్ దగ్గర ఒక పొలంలో వైకింగుల కాలం నాటి నిధిని తవ్వారు. బంగారు ఉంగరం, బంగారు కడియం, స్ఫటికం పొదిగిన లాకెట్, వెండి కడ్డీ, దాదాపు 300 నాణేలు. మన భాషలో చెప్పాలంటే లంకెబిందెలే. కోర్టులో దాని విలువ 30 లక్షల పౌండ్ల నుంచి కోటీ 20 లక్షల దాకా ఉండొచ్చన్నారు. వాళ్లు నగలు, ఏవో కొన్ని నాణేలు మాత్రం చూపించి మిగతావి దాచేశారు, దొంగచాటుగా అమ్మకం మొదలుపెట్టారు. ఫోన్‌లోంచి డిలీట్ చేసిన ఫోటోలను పోలీసులు తిరిగి రాబట్టారు. ఆ ఫోటోల్లో నాణేల కుప్ప ఉంది! 2019లో వూస్టర్ క్రౌన్ కోర్టు పావెల్‌కి 10 ఏళ్లు, డేవిస్‌కి ఎనిమిదిన్నర ఏళ్లు శిక్ష వేసింది. అప్పీలులో తగ్గింది, అది వేరే సంగతి. పర్మిషన్ తీసుకుని, సరిగ్గా రిపోర్ట్ చేసి ఉంటే ఒక్కొక్కరికీ తక్కువలో తక్కువ ఐదు లక్షల పౌండ్లు చట్టబద్ధంగా వచ్చేవని శిక్ష వేసిన రోజే జడ్జి లెక్క చెప్పారు.

నాకు బాధ కలిగించేది డబ్బు కాదు. ఆ నాణేల్లో కొన్నిటి మీద ఇద్దరు రాజులు పక్కపక్కన కూర్చుని ఉంటారు. వెసెక్స్, మెర్సియా అనేవి అప్పటి ఇంగ్లండ్‌లోని రెండు రాజ్యాలు. వెసెక్స్ రాజు ఆల్ఫ్రెడ్, మెర్సియా రాజు రెండో కియోల్‌వుల్ఫ్ ఇద్దరూ ఇదే రకం నాణెం వేయించారు. ఆల్ఫ్రెడ్ ఆస్థానంలో రాసిన చరిత్ర ఈ కియోల్‌వుల్ఫ్‌ని తెలివితక్కువవాడని తీసిపారేసింది. నాణేలు చూస్తే ఇద్దరూ పొత్తులో ఉన్నట్టుంది. అలాంటి సాక్ష్యంలో 2019లో శిక్ష పడేనాటికి దొరికింది సుమారు 30 నాణేలే. మిగతా రెండొందల పైచిలుకు ఎక్కడున్నాయో!

ఇప్పుడు దీనికి పూర్తిగా ఎదురు కథ. 1992 నవంబర్‌లో, సఫోక్‌లోని హాక్స్‌న్ ఊళ్లో పీటర్ వాట్లింగ్ అనే రైతు సుత్తి పోగొట్టుకున్నాడు. వెతికిపెట్టమని ఎరిక్ లాస్ అనే స్నేహితుడిని పిలిచాడు. సుత్తి కోసం వెతుకుతుంటే రోమన్ కాలపు నిధి తగిలింది, సుమారు 15,000 నాణేలు, బంగారు నగలు, వెండి చెంచాలు. లాస్ కొంత తవ్వి, ఇది మామూలు వ్యవహారం కాదని ఆపేసి కబురు చేశాడు. మర్నాడు పురావస్తు నిపుణులు వచ్చి నిధి ఉన్న పెట్టె ఆనవాళ్లతో సహా పద్ధతిగా తీశారు. బహుమతి 17 లక్షల 50 వేల పౌండ్లు. అప్పటి నియమం ప్రకారం అది కనిపెట్టినవాడికే వెళ్తుంది, అయినా ఆయన రైతుతో పంచుకున్నాడు. సుత్తి కూడా దొరికింది, అదిప్పుడు బ్రిటిష్ మ్యూజియంలో ఉంది.

కావెంట్రీ తమ్ముడి ఫోటోల్లో నన్ను ఇంకొకటి ఆపింది. కూలిన ఇంటి వెనక గడ్డినేల ఎగుడుదిగుడుగా ఉంది. మిడ్‌లాండ్స్‌లో అలాంటి మిట్టలు చాలాచోట్ల మధ్యయుగంలో జనం వదిలేసిన ఊళ్ల గుర్తులు. వాటిలో కొన్ని షెడ్యూల్డ్ మాన్యుమెంట్లు, అంటే చట్టం కాపాడే పురాతన స్థలాలు. అక్కడ ఇలాంటి స్థలాలను చూసే ప్రభుత్వ సంస్థ హిస్టారిక్ ఇంగ్లండ్ అనుమతి లేకుండా డిటెక్టర్ వాడటమే నేరం, 1979 చట్టం. రైతు "వెళ్లు బాబూ" అన్నా చెల్లదు. కాబట్టి యజమానిని వెతికేముందే, ఇలాంటి రక్షిత స్థలాలను చూపించే ప్రభుత్వం వాళ్ల మ్యాజిక్ (MAGIC) మ్యాప్ ఇంటర్నెట్‌లో ఉచితంగా దొరుకుతుంది, దాన్లో ఆ చోటు చూసుకోండి.

ఇక యజమానిని పట్టుకోవడం. భూముల రికార్డులు చూసే ప్రభుత్వ శాఖ హెచ్‌ఎం ల్యాండ్ రిజిస్ట్రీ వెబ్‌సైట్‌లో మ్యాప్ మీద స్థలం గుర్తించి, పది పౌండ్ల లోపు కడితే యజమాని పేరుండే టైటిల్ రిజిస్టర్ కాపీ వస్తుంది. మన మీభూమి, భూభారతి అలవాటున్నవాళ్లకి ఇది పెద్ద పని కాదు. కొన్ని ప్రైవేట్ సైట్లు ఇదే కాగితానికి ఎక్కువ వసూలు చేస్తాయి, గవర్నమెంట్ సైట్‌లోనే తీసుకోండి. అయితే తరతరాలుగా చేతులు మారని భూములు కొన్ని ఇంకా రిజిస్టర్ కాలేదు. పాత కుటుంబాల పొలాలు ఎక్కువగా ఇవే. అలాంటప్పుడు పక్క పొలం రైతుని అడగండి, ప్యారిష్ కౌన్సిల్ (మన పంచాయతీ లాంటిది) క్లర్క్‌కి ఈమెయిల్ పెట్టండి, ఊరి పబ్‌లో అడగండి. నా అనుభవంలో పబ్ చెప్పినంత రిజిస్టర్ చెప్పదు. ఎవరిది, ఎవరు కౌలుకి చేస్తున్నారు, ఎవరికి ఎవరితో పడదు, అన్నీ అక్కడే తెలుస్తాయి.

కౌలు అన్నాను కదా, అది ముఖ్యం. పొలంలో గొర్రెలు మేపుకునే ఆయన సరే అన్నంత మాత్రాన సరిపోదు. నేల ఆయనది కాదు. అలాగని యజమాని ఒక్కడి మాటా చాలదు, పంటా పశువులూ కౌలుదారువి. ఇద్దరి దగ్గరా తీసుకోండి, కాగితం మీద తీసుకోండి. ఏ పొలాలు, ఏ నెలల్లో, దొరికింది ఎలా పంచుకోవాలి, ఇవి రాసుకుంటే ఒక పేజీ. నేషనల్ కౌన్సిల్ ఫర్ మెటల్ డిటెక్టింగ్ సభ్యత్వంతో ఇన్సూరెన్స్ కూడా వస్తుంది, అడగడానికి వెళ్లేటప్పుడు ఆ కార్డు చూపిస్తే రైతు ముఖంలో టెన్షన్ కాస్త తగ్గుతుంది. నైట్‌హాక్స్ అని రాత్రిపూట దొంగచాటుగా వచ్చి తవ్వే బ్యాచ్ ఒకటుంది. మనం గేటు దగ్గర నిలబడగానే వాళ్ల మీద కోపం ముందు మన మీద పడుతుంది.

అమెరికాలో చూస్తున్నవాళ్లకి ఒక్క ముక్క. డల్లాస్ చుట్టుపక్కల కంచె గుంజల మీద, చెట్ల మీద ఊదారంగు గీతలు కనిపిస్తే అది అలంకారం కాదు, టెక్సస్ చట్టం ప్రకారం లోపలికి రావద్దని రాసిన బోర్డుతో సమానం. యజమాని పేరు కౌంటీ అప్రైజల్ డిస్ట్రిక్ట్ సైట్‌లో ఉచితంగా దొరుకుతుంది.

"ఊరికి వచ్చినప్పుడు డిటెక్టర్ పట్టుకురా, కోట దిబ్బ మీద చూద్దాం" అనే బంధువులు మనందరికీ ఉంటారు. తీసుకెళ్లకండి. ఇండియాలో 1878 నాటి ట్రెజర్ ట్రోవ్ చట్టం ఇంకా అమల్లోనే ఉంది. విలువ పది రూపాయలు దాటిన నిక్షేపం దొరికితే కలెక్టర్‌కి రాతపూర్వకంగా చెప్పాలి, చెప్పకపోతే ఏడాది దాకా జైలు. గుప్త నిధుల పేరుతో పాత గుళ్లలో నంది విగ్రహాల కింద తవ్వుతూ పట్టుబడ్డ వార్తలు చదువుతూనే ఉన్నాం. ఆ లిస్టులో మన పేరు ఎందుకు?

ఇక కావెంట్రీ తమ్ముడి సంగతి. నువ్వు ఆ టైటిల్ కాపీ తీసి ఉత్తరం రాయి. కోతల సమయంలో, అంటే ఆగస్టులో తలుపు కొట్టకు, ఎవరూ వినరు. గొర్రెలు ఈనే వసంతంలోనూ వద్దు. నవంబర్ నుంచి జనవరి మధ్యలో, పగటిపూట, శుభ్రమైన కారులో వెళ్లు, డిటెక్టర్ డిక్కీలోనే ఉంచు. కాదంటే థాంక్స్ చెప్పి పక్క ఊరికి పద.