'ను' ముక్క పిల్లల చేతికివ్వండి

(మండల స్థాయి బోధనోపకరణాల మేళాలో అంగన్‌వాడీ, ప్రాథమిక పాఠశాలల టీచర్లను ఉద్దేశించి చేసిన ప్రసంగం)

వేదిక మీదున్న పెద్దలకూ, ఎదురుగా ఉన్న టీచర్లందరికీ నమస్కారం. పేరుపేరునా చెప్పుకుంటూ పోతే నాకిచ్చిన టైము దానికే సరిపోతుంది, మన్నించండి. నన్ను 'తెలుగు బోధనోపకరణాల ఆవశ్యకత' మీద మాట్లాడమన్నారు. ఆవశ్యకత తెలియనివాళ్లు ఆదివారం పూట ఇంత దూరం రారు. నేను తయారీ గురించే చెబుతాను.

ఈ అట్టముక్కలు చూడండి. వెనకవాళ్లకు కనపడుతున్నాయా? ఇది 'పిల్లి'. ఇది 'ఎలుక'. ఎర్రదాని మీద 'పట్టింది'. ఈ చిన్న ఆకుపచ్చ ముక్క మీద 'ను'. ఎలుక పక్కన 'ను' పెట్టాను. పిల్లి ఎలుకను పట్టింది. వరస మారుస్తున్నా: ఎలుకను పిల్లి పట్టింది. ఎటు జరిపినా దొరికిపోయేది ఎలుకే. ఇప్పుడు ఆ ఒక్క 'ను' తీసి పిల్లి పక్కన పెడతా. 'పిల్లిను'... చూశారా, మీరే నవ్వుతున్నారు! రెండో తరగతి పిల్లలూ సరిగ్గా ఇక్కడే నవ్వుతారు. "పిల్లిను కాదు టీచర్, పిల్లిని" అంటారు. ముక్క తిప్పండి, వెనక 'ని' ఉంది. పిల్లిని ఎలుక పట్టింది! ఇక క్లాసంతా గోల గోల. ద్వితీయా విభక్తి అన్న మాట ఎవరూ అనలేదు, కానీ అది చేసే పనేమిటో పిల్లలకు తెలిసిపోయింది. 'కు', 'కి' కూడా అంతే, ఒకే ముక్కకు రెండు వైపులా రాయండి. సూత్రం పెద్ద తరగతిలో చెప్పుకోవచ్చు, తొందరేం లేదు.

ఈ రంగులు నా సొంతం కాదు. 1907లో రోమ్‌లో, శాన్ లొరెంజో అనే పేదల పేటలో పిల్లల బడి తెరిచిన డాక్టరమ్మ మరియా మాంటిస్సోరి పద్ధతిలోవి. నామవాచకానికి నల్ల త్రిభుజం, క్రియకు ఎర్ర వృత్తం. ఆవిడ 1939లో మద్రాసు అడయారుకు టీచర్లకు శిక్షణ ఇవ్వడానికి వచ్చి, యుద్ధం మూలంగా 1946 దాకా మన దేశంలోనే ఉండిపోయారు. ఇంగ్లీషు 'ఇన్', 'ఆన్' లాంటి మాటలకు ఆ పద్ధతిలో ఆకుపచ్చ నెలవంక. అవి పేరుకు ముందు నిలబడతాయి. మనవి పేరు వెనకాల అతుక్కుంటాయి కాబట్టి రంగు ఉంచుకుని, నెలవంక బదులు పట్టీ కత్తిరించాను. ఈమధ్య ఓ కిట్టు చూశాను, ఎవరిదో చెప్పను. పెట్టె మీద తెలుగు, లోపల ఇంగ్లీషు 'ఎ', 'ది'ల కోసం చేసిన లేత నీలం త్రిభుజాలు! మనకు వాటితో పనేమిటండీ?

అక్షరాల పెట్టెకు కూడా ఇదే గొడవ. 'క' అట్టను తలకట్టుతో కలిపి కత్తిరిస్తే 'కి' ఎలా చేస్తారు? తలకట్టు విడిగా ఊడి రావాలి, ఆ చోట గుడి కూర్చోవాలి. ముక్కలన్నిటికీ ఒకే కొలత. 'మి', 'యి' లాంటివి మాత్రం ఈ లెక్కకు లొంగవు, వాటికి వేరే ముక్కలు చెయ్యాల్సిందే. 'కై' దగ్గర పైన ఒకటి, కింద ఒకటి. పిల్లలకు అదంటే భలే సరదా. పిల్లలు వేలితో తడిమి నేర్చుకునే గరుకు అక్షరాలకు మరీ గరుకు కాగితం కొనకండి, లేత వేళ్లు గీసుకుపోతాయి. అట్టకు పాత శుభలేఖలు చాలు. మైదా జిగురులో పురుగు పట్టకుండా మైలుతుత్తం కలిపే అలవాటు కొందరికుంది. అమ్మా, అది విషం. చిన్నపిల్లలు ముక్కలు నోట్లో పెట్టుకుంటారు. జిగురు ఏ రోజుకారోజు ఉడకబెట్టుకోండి.

వత్తుల గురించి కూడా చెప్పాలనుకున్నాను. కానీ పొద్దున ఇక్కడ స్టాళ్లు చూశాక నా మనసు ఇంకోచోట ఉంది. ప్రతి స్టాల్లో ప్లాస్టిక్ కవరు వేసిన కొత్త కొత్త కార్డులు. ఒక్కదాని మీదా వేలిముద్ర లేదు! ఇక్కడ హెడ్మాస్టర్లెంతమంది? చేతులెత్తండి. దించకండి. మీ బీరువా తాళంచెవి ఎవరి దగ్గరుంది?

సర్వశిక్షా అభియాన్ రోజుల్లో ఉపకరణాలకని టీచరుకు ఏడాదికి 500 రూపాయలిచ్చేవారు. చార్టులు కొన్నాం. పిల్లలకు అందితే చింపుతారని మేకు ఎక్కడ కొట్టాం? కిటికీ పైన! మిగిలినవి బీరువాలోకి. నేను పనిచేసిన ఒక బడిలో తనిఖీకి వచ్చినాయన అక్షరాల పెట్టె తెరిచి ముక్కలు లెక్కపెట్టాడు. 'ళ' లేదు. "ఎక్కడమ్మా?" అన్నాడు. ఒక పిల్ల జేబులో వేసుకుని ఇంటికి తీసుకుపోయింది సార్, వాళ్ల నాన్నకు చూపించడానికి, అన్నాను. సంజాయిషీ రాసిమ్మన్నారు. ఒక పిల్ల అక్షరాన్ని ఇంటికి తీసుకుపోతే సంజాయిషీ! ఆ తర్వాత ఆ బడిలో ఇంకే టీచరూ పెట్టె తీయలేదు. తప్పు వాళ్లది అంటారా? జీతంలో కోస్తారేమోనని భయం, అంతే.

విద్యాధికారిగారు ఇక్కడే ఉన్నారు గనక అడుగుతున్నాను. స్టాకు రిజిస్టరులో ఈ వస్తువులకు 'పిల్లలు వాడగా పాడైనవి' అని ఒక గడి గీయించండి సార్. అందులో ఎంత పెద్ద అంకె ఉంటే ఆ టీచరును అంతగా మెచ్చుకోండి. సంతకం ఇప్పటికిప్పుడు పెట్టమనను. భోజనాల లోపు పెట్టినా చాలు.