పేగులో పుట్టగొడుగు

శ్రోతలకు నమస్కారం.

నేను పెద్దపేగు పరీక్షలు చేసే డాక్టర్ని. పోయినేడాది మా దగ్గరికి 58 ఏళ్ళ పెద్దాయన ఒకరు వచ్చారు. కిరాణా కొట్టు నడుపుతారు. 8 నెలలుగా అప్పుడప్పుడూ విరేచనంలో రక్తం పడుతోంది. "వేడి చేసిందనుకున్నానమ్మా" అన్నారు. మజ్జిగ తాగారు, సగ్గుబియ్యం జావ తాగారు, ఎవరో చెబితే మొలల మందు కూడా వాడారు. రక్తం ఆగితే తగ్గిందనుకున్నారు. మళ్ళీ కనపడితే మళ్ళీ జావ.

కొలనోస్కోపీ, అంటే కెమెరా ఉన్న సన్నటి గొట్టంతో పెద్దపేగు లోపల చూసే పరీక్ష, చేస్తున్నప్పుడు మత్తు వద్దన్నారు. మెలకువగానే ఉండి తెర వైపు చూస్తున్నారు. ఆరోగ్యంగా ఉన్న పేగు లోపలి గోడ తడిగా, లేత గులాబీ రంగులో, మన బుగ్గ లోపలి వైపులాగే ఉంటుంది. ఒక మలుపు తిరగ్గానే ఆ నున్నటి గోడ మీద కాడతో సహా ఎర్రటి బుడిపె కనిపించింది. "అదేంటమ్మా, పుట్టగొడుగులా ఉంది?" అని ముందు ఆయనే అడిగారు. దాన్నే పాలిప్ అంటాం. ఒకటిన్నర సెంటీమీటర్లు ఉంది. సన్నటి తీగతో చేసిన ఉచ్చును కాడకు తగిలించి, బిగించి, కరెంటు ఇచ్చి కోసేశాం. పేగు లోపలి పొరకు కోత నొప్పి తెలియదు. "అయిపోయిందా?" అన్నారాయన.

కోసిన ముక్కను ల్యాబ్‌లో పరీక్షిస్తే (దాన్నే బయాప్సీ అంటాం) క్యాన్సర్ లేదని వచ్చింది. చాలా పాలిప్స్ ఎప్పటికీ క్యాన్సర్‌గా మారవు. కానీ పెద్దపేగు క్యాన్సర్లలో ఎక్కువ భాగం ఇలాంటి బుడిపెతోనే మొదలవుతాయి. ఆ మార్పుకు మామూలుగా 10 ఏళ్ళు పడుతుంది. ఆ పదేళ్ళూ మనకు దొరికిన గడువు.

రిపోర్టు కోసం వచ్చిన రోజు ఆయన అడిగిన మొదటి మాట, "ఏం తిన్నందుకు వచ్చిందమ్మా నాకిది?"

చాలామంది ఇదే అడుగుతారు. అడిగేటప్పుడు గొంతులో ఏదో తప్పు చేసినట్టు బెరుకు ఉంటుంది. అందుకే ముందుగా చెబుతాను. వయసు, వంశం మన చేతిలో లేనివి. 50 దాటాక ఎంత జాగ్రత్తగా తినేవాళ్ళకైనా పాలిప్ రావచ్చు. ఏ ఒక్క కూరా, ఏ ఒక్క విందూ దాన్ని తెచ్చిపెట్టదు. మన చేతిలో ఉన్నది రోజువారీ అలవాటు. అది ముప్పును కొంత పెంచుతుంది, కొంత తగ్గిస్తుంది.

ఆయన తిండి గురించి అడిగారు కానీ, నా చూపు మాత్రం ఆయన చొక్కా జేబులోని సిగరెట్ పెట్టె మీద ఉంది. పొగ ఊపిరితిత్తులకే చేటని మనవాళ్ళ నమ్మకం. పాలిప్స్ విషయంలో నేను అన్నిటికంటే ముందు చెప్పేది పొగాకు గురించే. ఎన్నో అధ్యయనాలను కలిపి 2008లో లెక్క చూస్తే, పొగ తాగేవాళ్ళకు క్యాన్సర్‌గా మారే రకం పాలిప్స్ ఉండే అవకాశం తాగనివాళ్ళకంటే సుమారు రెండింతలని తేలింది. ఇక మద్యం పెద్దపేగు క్యాన్సర్‌కి కారణమని రుజువైంది. అందులో బీరైనా, విస్కీ అయినా, కల్లయినా తేడా లేదు.

ఇప్పుడు తిండి. 2015లో బయటికొచ్చిన ఒక ప్రయోగం గురించి చెప్పాలి. అమెరికాలోని పిట్స్‌బర్గ్ నుంచి 20 మంది ఆఫ్రికన్ అమెరికన్లను, దక్షిణాఫ్రికా పల్లెల నుంచి 20 మందిని తీసుకున్నారు. మొదట అందరికీ కొలనోస్కోపీ చేశారు. అమెరికా వాళ్ళలో దాదాపు సగం మందికి పాలిప్స్ ఉన్నాయి. ఆఫ్రికా పల్లె వాళ్ళలో ఒక్కరికీ లేవు. తర్వాత రెండు వారాలు వీళ్ళ తిండి వాళ్ళకు, వాళ్ళ తిండి వీళ్ళకు పెట్టారు. అమెరికా వాళ్ళకు మొక్కజొన్న, బొబ్బర్లు, కూరగాయలు. రోజుకు 14 గ్రాముల పీచు తినేవాళ్ళు 55 గ్రాములు తిన్నారు. పల్లె వాళ్ళకు బర్గర్లు, సాసేజ్‌లు, వేపుళ్ళు. వాళ్ళ పీచు 66 గ్రాముల నుంచి 12కి పడిపోయింది.

రెండు వారాలకే పేగు పొర మారిపోయింది. పీచు పెరిగిన వాళ్ళలో వాపు లక్షణాలు తగ్గాయి, కణాలు అతిగా పెరగడం తగ్గింది. బర్గర్లు తిన్నవాళ్ళలో సరిగ్గా దీనికి ఎదురు జరిగింది. కారణం పేగులోని సూక్ష్మజీవులు. మనకు అరగని పీచు వాటికి ఆహారం. వాటి చేతిలో అది పులిసి బ్యూటిరేట్ అనే పదార్థం తయారవుతుంది. పేగు పొరలోని కణాలు దాన్నే తిని బతుకుతాయి. కొవ్వు ఎక్కువ తింటే పైత్యరసం ఎక్కువ ఊరుతుంది. అవే సూక్ష్మజీవులు దాన్ని పొరను రేపే పదార్థాలుగా మారుస్తాయి.

అయితే ఇక్కడొక మెలిక ఉంది, దాన్ని దాచడం నాకిష్టం లేదు. 2000లో అమెరికాలో రెండు పెద్ద ప్రయోగాల ఫలితాలు వచ్చాయి. పాలిప్ తీయించుకున్న వాళ్ళకు మూడు, నాలుగేళ్ళ పాటు పీచు ఎక్కువ పెట్టి చూశారు. ఒకదానిలో గోధుమ తవుడు, ఇంకొకదానిలో కొవ్వు తగ్గించి కూరగాయలు, పండ్లు. కొత్త పాలిప్స్ రావడంలో తేడా కనపడలేదు. నా ఉద్దేశంలో దీనికి అర్థం పీచు వృథా అని కాదు. అరవై ఏళ్ళ వయసులో మొదలుపెట్టిన తిండి నాలుగేళ్ళలో పాత లెక్కను తుడిచేయలేదు. మంచి తిండి చిన్నప్పటి నుంచి కంచంలో ఉండాలి. పాలిప్ తీయించుకున్నాక, "ఇప్పుడు జొన్నరొట్టె తింటున్నాను కదా" అని మళ్ళీ పరీక్షకు రాకపోవడం మాత్రం చాలా ప్రమాదం.

జొన్నరొట్టె అన్నాను కాబట్టి చెబుతున్నా. ఆ దక్షిణాఫ్రికా పల్లె వాళ్ళ ముఖ్య ఆహారం మొక్కజొన్న సంకటి. మన తాతలు తిన్న జొన్న సంకటి, రాగి సంకటి, అంబలి దానికి దగ్గరి చుట్టాలే. 100 గ్రాముల పాలిష్ బియ్యంలో పీచు 3 గ్రాములు కూడా ఉండదు. జొన్నల్లో, రాగుల్లో 10 గ్రాములకు పైనే ఉంటుంది. అన్నం మానేయమని నేను ఎవరికీ చెప్పను. కంచంలో కూర నంజుకోవడానికన్నట్టు కొద్దిగా ఉండకూడదు, అంతే. గోరుచిక్కుడు, బీరకాయ, తోటకూర, బొబ్బర్లు, ఉలవలు, ఒక జామకాయ. ఇవి సంతలో దొరికేవే.

మాంసం గురించి కూడా అడుగుతారు. సాసేజ్, సలామీ, బేకన్ లాంటి నిల్వ మాంసం రోజూ 50 గ్రాములు తింటే పెద్దపేగు క్యాన్సర్ ముప్పు 18 శాతం పెరుగుతుందని 2015లో ప్రపంచ ఆరోగ్య సంస్థ క్యాన్సర్ విభాగం చెప్పింది. మటన్ విషయంలో అంత గట్టి రుజువు లేదు కానీ అనుమానం బలంగానే ఉంది. వండిన మటన్ వారానికి అరకిలో దాటకుండా చూసుకోండి. ఆదివారం ఇంట్లో వండుకున్న కూరకు భయపడనక్కర్లేదు.

విరేచనంలో రక్తం కనపడితే మొలలే అని మీకు మీరే తేల్చుకోవద్దు. మొలలు, పాలిప్ రెండూ ఒకే మనిషిలో ఉండొచ్చు. చాలా పాలిప్స్ అయితే రక్తం కూడా చూపించవు. తల్లిదండ్రుల్లో గానీ, తోబుట్టువుల్లో గానీ పెద్దపేగు క్యాన్సర్ వచ్చినా, సెంటీమీటరు దాటిన పాలిప్ బయటపడినా మిగతావాళ్ళు 40 ఏళ్ళకే పరీక్ష చేయించుకోవాలి.

అందుకే ఆ కిరాణా కొట్టు పెద్దాయనకు 3 ఏళ్ళ తర్వాత మళ్ళీ పరీక్ష రాసి, ఈలోగా కొడుకుని తీసుకురమ్మన్నాను. కొడుక్కి 41 ఏళ్ళు. సిగరెట్ ముట్టడు. రాత్రి షిఫ్టు ఉద్యోగం, పదేళ్ళుగా కుర్చీలోనే, తిండి ఎక్కువగా ఆర్డర్ పెట్టుకున్నదే, పొట్ట బాగా పెరిగింది. నడక లేకపోవడం, నడుము చుట్టూ కొవ్వు కూడా పాలిప్స్‌కి దారి తీసేవే. "నాకే ఇబ్బందీ లేదు కదండీ" అంటూ టెన్షన్‌గా వచ్చాడు. 4 మిల్లీమీటర్ల పాలిప్ ఒకటి ఉంది. తీసేశాం. అరగంట పట్టింది. మధ్యాహ్నానికి ఇంటికెళ్ళి పెరుగన్నం తిన్నాడు.